సూరమ్మ చేతి చలవ

మా అమ్మమ్మ ఈ కథ చెప్పిన ప్రతిసారీ పుంజు రంగు మారిపోయేది. ఒకసారి డేగ, ఒకసారి నెమలి, ఒంట్లో బాగాలేని రోజున కాకి. "మొన్న డేగ అన్నావు కదే" అని అడిగితే, "రంగుతో నీకేం పని, కూర వండుతావా ఏంటి?" అని కసిరేది. కాబట్టి పుంజు రంగు గురించి నన్ను మాత్రం అడగకండి. మిగతా కథలో ఆవిడ ఎప్పుడూ ఒక్క మాట కూడా మార్చలేదు.

కథ సూరమ్మది. మా అమ్మమ్మకి ఆవిడ నాయనమ్మ. రామచంద్రపురం దగ్గర మా ఊరు. పంట కాలువకి అవతల ఊరు, అక్కడ కాపుల ఇళ్ళు. ఇవతల పేట, ఇక్కడ కూలికి వెళ్ళే మావాళ్ళ తాటాకు గుడిసెలు. బాప్టిస్టు దొరలు వచ్చి పేటలో బాప్తిస్మాలిచ్చి ఎంతో కాలం కాలేదు. మట్టిగోడల మందిరం ఒకటి లేచింది. జ్ఞానప్రకాశం అనే పాస్టరుగారు కూడా వచ్చారు. రైలు కొత్త, చొక్కా కొత్త, ఆదివారం కొత్త. కోళ్ళు మాత్రం పాతవే, వాటి చుట్టూ ఉన్న నమ్మకాలూ పాతవే.

పొదుగుకొచ్చిన పెట్ట కింద ఎవరుపడితే వాళ్ళు గుడ్లు పెట్టకూడదని అప్పట్లో ఒక నమ్మకం. పెట్టిన చెయ్యి మంచిదైతే గుడ్డుకో పిల్ల లేస్తుంది, కాకపోతే గుడ్లన్నీ మురిగి కంపు కొడతాయి. మా పేటలో ఆ మంచి చెయ్యి సూరమ్మది. ఎవరింట్లో పెట్ట పొదుగుకొచ్చినా కబురు ఆవిడకే. ఆవిడ వచ్చి గంపలో బూడిద చల్లి, పైన గడ్డి పరిచి, ఒక్కో గుడ్డునీ ఎండకి పట్టి చూసేది. పెట్టను ఒళ్ళో పెట్టుకుని పొట్ట తడిమి, రెక్కలు విప్పి, ముక్కు తెరిచి చూసేది. గుడ్ల మధ్య ఒక బొగ్గు ముక్క, ఒక ఇనుప ముక్క పెట్టేది. ఉరుము ఉరిమితే గుడ్లు చెడకుండా అన్నమాట. తర్వాత కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేది. బొగ్గు ముక్క చూసి పాస్టరుగారు ముఖం చిట్లించుకుంటే, "ఇది దేవుడికి అడ్డం రాదులెండి అయ్యగారూ, గంపలో ఓ మూల పడుంటాది" అని సర్ది చెప్పేది. పిల్లలు లేచాక అందులో హుషారైన పిల్ల ఒకటి ఆవిడది. అదే ఆవిడ కూలి.

పేట సంగతి సరే, ఊళ్ళోనూ ఆవిడ చేతికే గిరాకీ. పెద్ద కాపు భార్య అచ్చాయమ్మగారి దొడ్డిలో కోళ్ళు ఊరందరికంటే ఎక్కువ. సూరమ్మ మొగుడు చిట్టియ్య ఆ ఇంట్లో పాలేరు. ఆ ఇంట్లో చిట్టియ్యని "ఒరే" అనడమే తప్ప పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. సూరమ్మ ఊడుపులకి వెళ్ళినా, కోతలకి వెళ్ళినా ఆవిడదీ అదే భాగ్యం. కానీ గుడ్లు పెట్టే పూట మాత్రం అచ్చాయమ్మగారు దొడ్డి గుమ్మం దాకా ఎదురొచ్చి "సూరమ్మా, వచ్చావా" అనేవారు. ఆ మాట వినడానికి సూరమ్మ పని మానుకుని మరీ వెళ్ళేది. పొలమా పుట్రా, ఆవిడకున్నది ఆ పేరొక్కటే. ఆ చెయ్యి ఉన్నంతకాలం కాలువకి రెండు పక్కలా ఆవిడ మనిషి. ఆ చెయ్యి పోతే నలుగురిలో ఒక కూలి మనిషి, అంతే.

పేటలో ఒక్క ఇంటికి మాత్రం ఆవిడ వెళ్ళేది కాదు. అది సంపూర్ణమ్మ ఇల్లు. ఎందుకు వెళ్ళేది కాదో చెప్పాలంటే పుంజు దగ్గరికి రావాలి.

కోతల పండుగకి మావాళ్ళు మందిరానికి కానుకలు తెస్తారు. ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్ళు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. ఎవరైనా ముద్దుగా పెంచుకున్న పుంజుని కానుకగా ఇస్తే, వేలంలో వాళ్ళే తిరిగి పాడుకుంటారు. మిగతావాళ్ళు ఊరికే ఓ పాట పాడి తప్పుకుంటారు. దేవుడికి కానుక ముట్టినట్టూ ఉంటుంది, పుంజు ఇంటికి చేరినట్టూ ఉంటుంది. ఇది ఎవరూ రాసిపెట్టని మర్యాద. ఆ ఏడు సంపూర్ణమ్మ తన పుంజుని తెచ్చింది. డేగో, నెమలో, పేటంతా మెచ్చుకున్న పుంజు. చిట్టియ్యకేమో పదిమందిలో గొప్ప చూపించుకోవడం సరదా. పక్కనున్న వాళ్ళు ఉసిగొల్పారు, ఆయన పాడుతూనే పోయాడు. సంపూర్ణమ్మ మొగుడు ఏసురాజు కాలువ పనికి వేరే ఊరెళ్ళి ఉన్నాడు. పాపం ఆవిడ ఒక్కతే ఎంతదాకా పాడుతుంది? పుంజు చిట్టియ్య చంకలోకి వెళ్ళింది.

సరే, తెల్లవారితే సూరమ్మ తెచ్చి ఇచ్చేస్తుందిలే అనుకుంది సంపూర్ణమ్మ. ఇచ్చేదే కూడాను. కానీ తెల్లారేసరికే పాస్టరుగారు వాళ్ళింటికి భోజనానికి వస్తానని కబురు పెట్టారు. ఇంట్లో వండడానికి వేరే ఏమీ లేదు. మధ్యాహ్నానికల్లా కూర వాసన సంపూర్ణమ్మ గుమ్మం దాకా వెళ్ళింది.

అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మందిరంలో ఒకరు ఈ మూల, ఒకరు ఆ మూల. "ఆవిడ చెయ్యి నా గంపలో పడడానికి వీల్లేదు" అని సంపూర్ణమ్మ తన గుడ్లు తానే పెట్టుకునేది. "చూత్తాను, ఎన్ని లేస్తాయో" అని సూరమ్మ దెప్పేది. నిజం చెప్పాలంటే బాగానే లేచేవి. ఆ సంగతి సూరమ్మ ఎన్నడూ ఒప్పుకోలేదు.

ఇలా ఉండగా ఓ వేసవిలో కొక్కెర తెగులు వచ్చింది.

కోళ్ళ మీద పడే తెగుళ్ళలో కొక్కెరంత పాడుది లేదు. ఇవాళ్టి వాళ్ళు దాన్ని వైరస్ అంటున్నారు, కోడిపిల్ల కంట్లో టీకా చుక్క వేస్తున్నారు, చేతులు దులుపుకుంటున్నారు. ఆ రోజుల్లో చుక్కా లేదు, దాని పేరు తప్ప దాని సంగతి తెలిసినవాళ్ళూ లేరు. పొద్దున్న తిరిగిన కోడి సాయంత్రానికి రెక్కలు వేలాడేసి మూల కూర్చునేది. ఆకుపచ్చగా, తెల్లగా రెట్ట వేసేది. నోరు తెరిచి ఎగశ్వాస పీల్చేది. కొన్నిటికి మెడ వెనక్కి తిరిగిపోయేది. అలా తిరిగిందంటే ఇక బతకదని అందరికీ తెలుసు.

మొదట ఊళ్ళో అచ్చాయమ్మగారి దొడ్డిలో మొదలైంది. సూరమ్మని పిలిచారు. చెయ్యి మంచిదైనవాళ్ళు మందు వేస్తే కుదురుతుందని ఆశ. ఆవిడ ఉల్లిపాయ, మిరియం, పసుపు నూరి ఉండలు చేసి ప్రతి కోడి నోరూ తెరిచి లోపల పెట్టింది. మర్నాడు పేటలో ఒక ఇంట్లో కనిపిస్తే అక్కడికీ పరిగెత్తింది. ఆ తర్వాత ఇంకో ఇల్లు. కూలికి వెళ్ళడం మానేసి గూడు గూడూ తిరిగింది. పొద్దున్న వెళ్ళి, మధ్యాహ్నం వెళ్ళి, ఒళ్ళో పెట్టుకుని నీళ్ళు తాగించింది. ఎంత తిరిగితే అంతగా చచ్చాయి. చచ్చినవాటిని జనం కాలువలో పారేశారు. మెడ తిరగకముందే కోసుకు తిన్నవాళ్ళు ఈకలు దారిలో పోశారు.

పేట అంతా ఒక్కసారిగా మూగబోయింది. నా కోడీ నా కుంపటీ లేకపోతే ఊరు ఎలా తెల్లవారుతుందని వెనకటికి ఒక ముసలమ్మ అనుకుందట. మా పేటలో నిజంగానే కోడి కూత లేకుండా తెల్లవారింది. జనం మంచాల మీద లేచి కూర్చుని, పొద్దెక్కిందో లేదో తెలియక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

కష్టం వస్తే దానికి ఎవరో ఒకరు కారణం కావాలి కదా. అచ్చాయమ్మగారు దొడ్డి గుమ్మంలో నిలబడి, చిట్టియ్యతో కలిసి వచ్చిన సూరమ్మని లోపలికి రానివ్వలేదు.

"నువ్వు అడుగుపెట్టాకే మిగతావి కూడా పోయాయే. నీ చెయ్యి పాడైపోయింది. ఇంక ఈ గుమ్మం తొక్కకు" అన్నారు.

"అమ్మగారండీ, నేను మందే వేశానండి…"

"వేశావులే. ఎల్లు."

అచ్చాయమ్మగారు ఆ రోజు "సూరమ్మా" అనలేదు. అది సూరమ్మ చెవులు గమనించాయి.

పేటలో మాట ఇంకోలా వచ్చింది. దేవుడి కానుక పుంజుని కూర వండుకు తిన్న చెయ్యి, దేవుడు ఊరుకుంటాడా అన్నారు. ఎందుకంటే పేట మొత్తం మీద సంపూర్ణమ్మ కోళ్ళు మాత్రం దర్జాగా తిరుగుతున్నాయి. దేవుడు న్యాయం చేశాడని ఆడవాళ్ళు బావి దగ్గర చెప్పుకున్నారు. పాస్టరుగారు కూడా ఆ కూర తిన్నారని మాత్రం ఎవరూ అనలేదు. పుండు మీద కారం చల్లినట్టు, సంపూర్ణమ్మ తన గింజలు చల్లుతూ కోళ్ళని గట్టిగా "బా… బా…" అని పిలిచేది, సూరమ్మ గుమ్మం దాకా వినబడేట్టు. సూరమ్మకి ఏడుపొచ్చేది. ఏడుపు కంటే ఎక్కువగా ఒళ్ళు మండేది. ఆవిడ సొంత కోళ్ళు కూడా అప్పటికి ఒక్కొక్కటే పోతున్నాయి.

ఆ రోజుల్లో ఆవిడని పలకరించిన మనిషి జ్ఞానమ్మ ఒక్కతే. పేట చివర ఉండే చిన్న వయసు పిల్ల. తెగులు రాకముందే పురుడు పోసుకుంది. పచ్చి బాలింత ఇల్లని అన్నాళ్ళూ ఆ గుమ్మంలోకి ఎవరూ వెళ్ళలేదు. మావాళ్ళలో అది గట్టి కట్టడి. పురుడు తీరాక బిడ్డని చూసి పొమ్మని జ్ఞానమ్మ కబురు పెట్టింది. సూరమ్మ అప్పటిదాకా తన దొడ్డిలో చచ్చిన పెట్టను పాతిపెడుతూ ఉంది. అలాగే చేతులు దులుపుకుని బయల్దేరింది.

గుమ్మం దగ్గర జ్ఞానమ్మ తల్లి అడ్డం నిలబడింది. "ఆగొదినా. బిడ్డ ఉన్న ఇల్లు. కాళ్ళూ చేతులూ కడుక్కునే లోపలికి రా" అని చెంబు అందించింది.

సూరమ్మ కాళ్ళ మీద నీళ్ళు పోసుకుంది. వేళ్ళ సందుల్లోంచి ఆకుపచ్చ రెట్ట, బురద, ఈక ముక్కలు జారి కింద పడ్డాయి. చెంబు చాలలేదు, ఇంకో చెంబు అడిగింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు కానీ, ఆవిడ అడుసు తొక్కిందీ కడిగిందీ ఆలోచించడం ఆ రోజే మొదలుపెట్టింది. ఇంతలో గుమ్మం పక్కనుంచి ఒక పెట్ట పిల్లలతో సహా నడిచి వెళ్ళింది. దాని వెనక ఇంకొకటి.

"నీ కోళ్ళు బతికే ఉన్నాయేంటే?" అంది సూరమ్మ.

"నువ్వు పొదిగించినవే కదత్తా. నీ చేతి చలవే" అంది జ్ఞానమ్మ, నవ్వుతూ.

సూరమ్మ బిడ్డని ఎత్తుకోలేదు. అక్కడే అరుగు మీద కూలబడింది.

తన చెయ్యి పాడైతే ఈ కోళ్ళు ముందు పోవాలి. ఇవి తన చేతుల్లో పొదిగినవే. దేవుడు పుంజు విషయంలో కోపంతో సంపూర్ణమ్మని కాపాడితే, ఈ జ్ఞానమ్మని ఎందుకు కాపాడాడు? ఈ పిల్లకి పుంజు గొడవే తెలియదు. ఈ రెండు ఇళ్ళకీ కలిసింది ఒక్కటే. సంపూర్ణమ్మ పగబట్టి తనని రానివ్వలేదు. జ్ఞానమ్మ బాలింత కాబట్టి తను వెళ్ళలేదు. తను అడుగుపెట్టని ఇళ్ళు ఈ రెండే. తను మందు పట్టుకుని పరిగెత్తిన ప్రతి ఇంటికీ ఈ కాళ్ళతోనే వెళ్ళింది, ఈ చేతులతోనే నోళ్ళు తెరిచింది, ఈ చీరతోనే ఒళ్ళో పెట్టుకుంది. తెగులుని గంప గంపకీ పంచిపెట్టింది తనే.

"ఏంటత్తా అలా అయిపోయావు?" అని జ్ఞానమ్మ గాభరాపడింది.

"ఏం లేదమ్మా. నీ బిడ్డ సల్లగా ఉండాల. నేను మళ్ళా వత్తాను" అని సూరమ్మ లేచి వెళ్ళిపోయింది.

ఈ మాట ఎవరికీ చెప్పకపోతే గొడవే లేదు. కొన్నాళ్ళకి జనం మరిచిపోతారు. మళ్ళీ కోళ్ళు కొనుక్కుంటారు, మళ్ళీ పెట్టలు పొదుగుకొస్తాయి, ఏదో ఒక రోజు ఎవరో మళ్ళీ పిలుస్తారు. నోరు విప్పితే మాత్రం ఆ పిలుపు మళ్ళీ రాదు. చిట్టియ్యకి చెబితే ఆయన అదే అన్నాడు: "నోరు మూసుకో. పోయిన కోళ్ళు ఎలాగూ పోయాయి. ఉన్న పేరు కూడా పోగొట్టుకుంటావా?"

మా మందిరంలో ప్రసంగానికి ముందు సాక్ష్యాలు ఉండేవి. జ్వరం తగ్గినవాళ్ళు, తప్పిపోయిన దూడ దొరికినవాళ్ళు లేచి నిలబడి దేవుడు చేసిన మేలు చెప్పుకునేవారు. ఆ ఆదివారం సంపూర్ణమ్మ లేచి, "నా కోళ్ళని ప్రభువు కాపాడాడు" అని ఒక్క మాట చెప్పి కూర్చుంది. అందరి కళ్ళూ సూరమ్మ వైపు తిరిగాయి. పాస్టరుగారు ఆ మాట అందుకుని దేవుని న్యాయం మీద ఏదో అనబోతుండగా సూరమ్మ లేచింది.

"నాకూ ఓ సాక్ష్యం ఉందండి అయ్యగారూ."

"చెప్పమ్మా."

"సంపూర్ణమ్మ కోళ్ళని కాపాడింది దేవుడే. కాదనను. ఎలా కాపాడాడంటే, నన్ను ఆళ్ళింటికి ఎల్లకుండా చేశాడు. అంతేనండి."

మందిరంలో గుసగుస మొదలైంది. సూరమ్మ గొంతు పెంచింది.

"మీ అందరి గూళ్ళకీ నేను తిరిగాను. తెగులు కోడిని ముట్టుకున్న చేత్తో మంచి కోడిని ముట్టుకున్నాను. రెట్ట తొక్కిన కాళ్ళతో మీ దొడ్లు తొక్కాను. జ్ఞానమ్మ పురిటి ఇంటికి ఎల్లలేదు, ఆ కోళ్ళు బతికాయి. ఆ కోళ్ళు నా చేత్తో పొదిగించినయ్యే, ఎళ్ళి చూసుకోండి. నా చేతి చలవా లేదు, చెడుపూ లేదు. ఆ తెగులు మనిషి మీద ఎక్కి తిరుగుతాది. ఈ పేటలో ఎక్కువ తిరిగింది నేను."

వెనకనుంచి ఒక ముసలావిడ "మా కోళ్ళని నువ్వే చంపావన్నమాట!" అని అరిచింది.

"అవును పెద్దమ్మా. మంచి చేత్తన్నాననుకునే చంపాను" అంది సూరమ్మ.

కానీ సూరమ్మ ఏడుస్తూ కూర్చునే రకం కాదు. మెడ తిరిగిన కోడి ఇక లేవదు, మనం మాత్రం లేవాలి కదా అని అక్కడే నిలబడి ఇంటింటికీ పని చెప్పింది. ఇక మీదట ఎవరి గుడ్లు వాళ్ళే పెట్టుకోవాలి. ఒకరి గూటి దగ్గరికి ఇంకొకరు వెళ్ళకూడదు, తప్పక వెళ్ళాల్సి వస్తే కాళ్ళూ చేతులూ కడుక్కుని, ఆ ఇంటి చీర కట్టుకుని వెళ్ళాలి. చచ్చిన కోడిని కాలువలో వెయ్యకూడదు, సున్నం చల్లి లోతుగా పాతాలి. కావిడిలో కోళ్ళు తెచ్చి చౌకగా అమ్మేవాణ్ణి కాలువ దాటి రానివ్వకూడదు. ఇంకొకటి: కోతల పండుగకి బతికున్న కోళ్ళని కానుకగా తేకూడదు. నాలుగు ఇళ్ళ కోళ్ళని ఒక గంపలో వేసి, మళ్ళీ నాలుగు ఇళ్ళకి పంచడం కంటే బుద్ధిలేని పని లేదు.

ఈ ఆఖరి మాటకి పాస్టరుగారి ముఖం చిన్నబోయింది. పండగ రోజుల్లో ఆయన భోజనం సంగతి మీకు తెలుసు. అయినా మంచి మనిషి, "సరేనమ్మా, గుడ్లు తెండి" అని ఒప్పుకున్నారు.

ఇంక కావలసింది విత్తనం. పేట మొత్తానికి మళ్ళీ కోళ్ళు రావాలంటే గుడ్లు ఉన్నది రెండు ఇళ్ళలోనే. జ్ఞానమ్మ అడగకముందే ఇచ్చింది. ఇక సంపూర్ణమ్మ. సూరమ్మ ఆవిడ దడి బయట నిలబడింది. తన కట్టడి తనే తప్పకూడదు కదా, లోపలికి వెళ్ళలేదు.

"వదినా!" అని పిలిచింది. ఏళ్ళ తరబడి అనని మాట అది.

సంపూర్ణమ్మ గుమ్మంలోకి వచ్చి, నడుం మీద చెయ్యి వేసుకుని చూసింది. "ఏం? కూర అయిపోయిందా?"

"అయిపోయింది. అప్పుడే అరిగిపోయింది కూడా. గుడ్లు కావాలి."

"నాకేం పట్టింది నీకివ్వడానికి?"

"నాక్కాదు. పేటకి. నీ కోళ్ళు ఒక్కటే కూత్తే ఏం బాగుంటాది, నీకూ పోటీ ఉండాల కదా."

సంపూర్ణమ్మ లోపలికి వెళ్ళింది. రాదేమో అనుకుంది సూరమ్మ. ఆవిడ ఊక పోసిన బుట్టలో గుడ్లు పేర్చుకుని వచ్చి, దడికీ గుమ్మానికీ మధ్య ఉన్న రాయి మీద పెట్టి వెనక్కి వెళ్ళి నిలబడింది. సూరమ్మ చేతులు కడుక్కుని, దడి సందులోంచి వంగి బుట్ట అందుకుంది.

"వదినా, ఈటిని కూర వండకు" అంది సంపూర్ణమ్మ, ముఖం పక్కకి తిప్పుకుని. నవ్వొచ్చి తిప్పుకుందో కోపమొచ్చి తిప్పుకుందో ఆ రోజుకి తేలలేదు.

ఆ ఏడు పేటలో ప్రతి ఆడదీ తన గుడ్లు తానే పెట్టుకుంది. భయపడుతూ పెట్టారు, బొగ్గు ముక్కలు పెట్టడం మాత్రం మరిచిపోలేదు. అన్ని గంపల్లోనూ పిల్లలు లేచాయి. "నా చెయ్యి కూడా మంచిదేనే!" అని ఒకావిడ బావి దగ్గర అరిచి చెబితే, సూరమ్మ నవ్వింది కానీ, ఇంటికెళ్ళి కాస్సేపు ఒంటరిగా కూర్చుంది. ఆవిడకీ మనసు ఉంటుంది కదా.

మరుసటి వేసవిలో కొక్కెర మళ్ళీ వచ్చింది. ద్రాక్షారామం వైపు ఊళ్ళల్లో కోళ్ళన్నీ ఊడ్చుకుపోయాయని కబురు. కావిడివాడు సగం ధరకే కోళ్ళు తెచ్చి కాలువ గట్టున నిలబడ్డాడు. పేట ఆడవాళ్ళు చీపుళ్ళు పట్టుకుని తాటిదుంగ వంతెన మీద అడ్డం నిలబడ్డారు. ముందు సంపూర్ణమ్మ. "అడుగేశావంటే నీ కావిడి కాలువలో ఉంటాది" అంది. వాడు తిట్టుకుంటూ ఊళ్ళోకి తిరిగాడు. అచ్చాయమ్మగారు చౌకగా వచ్చాయని కొనుక్కున్నారు. పేటవాళ్ళ కట్టడి గురించి చిట్టియ్య చెప్పబోతే, గుడ్డు వచ్చి పిల్లను వెక్కిరించినట్టుందని నవ్వేశారు. ఆ నెల తిరక్కుండానే ఆవిడ దొడ్డి మళ్ళీ ఖాళీ అయింది, పక్క దొడ్లు కూడా.

కాలువకి ఇవతల ఒక్క కోడి కూడా తల వంచలేదు. పొద్దున్నే పేట పుంజులన్నీ ఒకదాని తర్వాత ఒకటి కూస్తుంటే, ఊళ్ళోవాళ్ళు ఆ కూతలకి లేచి పనుల్లోకి వెళ్ళారు. ఎన్నడూ లేనిది, ఊరికి పేట తెల్లవార్చింది. మా అమ్మమ్మ ఈ మాట చెప్పేటప్పుడు లేచి నిలబడి మరీ చెప్పేది. గర్వం కాదా మరి! నాకూ ఇప్పుడు రాస్తుంటే ఛాతీ పొంగుతోంది.

అచ్చాయమ్మగారు ఒక పొద్దున స్వయంగా వంతెన అవతలి చివర దాకా వచ్చారు. పేట ఆడదాని కోసం ఆ ఇంటి ఆడవాళ్ళు అంతదూరం రావడం అంతకుముందు లేదు.

"సూరమ్మా!" అని పిలిచారు. "గుడ్లు కావాలే. నువ్వే వచ్చి నీ చేత్తో పెట్టు."

సూరమ్మ ఇవతలి చివర నిలబడింది. ఆ పిలుపు కోసమే కదా ఆవిడ ఒకప్పుడు పనులు మానుకుని పరిగెత్తింది.

"గుడ్లు పంపుతానండి అమ్మగారూ. నేను మాత్రం రానండి."

"కోపమా?"

"కోపం కాదండి. మీ దొడ్డిలో తెగులు ఉంది, ముందు దాన్ని ఊడ్చి సున్నం కొట్టించండి. గూళ్ళు ఎండలో పెట్టించండి. తర్వాత మీ చేత్తో మీరే పెట్టుకోండి. మీ చెయ్యి కూడా మంచిదేనండి."

పెద్ద కాపు భార్యకి రానని చెప్పిన పేట మనిషి లేదు అప్పటికి. అచ్చాయమ్మగారు "సరే, అలాగే చేస్తాను" అన్నారు. చేశారు కూడా. పిల్లలు లేచిన రోజున దొడ్డిలో గడ్డి వేస్తున్న మా అమ్మమ్మ తాతని పిలిచి, "చిట్టియ్యా, మీ సూరమ్మతో చెప్పు, అన్నీ లేచాయని" అన్నారట. చిట్టియ్య కొడవలి అక్కడే పడేసి ఇంటికి పరిగెత్తాడు. కోళ్ళ సంగతి చెప్పడం మరిచిపోయి, "నన్ను పేరెట్టి పిలిచిందే!" అని అదే పది మార్లు చెప్పాడు.

ఇక ఆఖరి ముచ్చట. తెగులు పూర్తిగా పోయి, వానలు పడ్డాక, సంపూర్ణమ్మ పెట్ట ఒకటి పొదుగుకొచ్చింది. ఆవిడ సూరమ్మ ఇంటి దడి దగ్గరికి వచ్చి నిలబడింది.

"వదినా, మా ఇంటికి రా. ఈసారి నువ్వు పెట్టు."

"నీ చెయ్యికేమైంది?"

"నా చెయ్యి బాగానే ఉంది. నీ చేత్తో పెట్టించుకోవాలనుంది. కట్టడి ప్రకారమే రా, కాళ్ళూ చేతులూ కడుక్కో, నా చీర ఇత్తాను."

ఇన్నేళ్ళుగా ఆవిడని పిలవని ఇల్లు అది. సూరమ్మ మోచేతుల దాకా బూడిద రాసి తోముకుంది. సంపూర్ణమ్మ ఉతికి ఆరేసిన తన ఎర్ర అంచు నేత చీర ఇస్తే, కట్టుకుని గూటి ముందు కూర్చుంది. గంపలో గడ్డి పరిచి, ఒక్కో గుడ్డునీ ఎండకి పట్టి చూసి పెట్టి, పైన పెట్టను కూర్చోబెట్టింది. ఇంతలో పెళ్ళాన్ని వెతుక్కుంటూ చిట్టియ్య దడి దాకా వచ్చాడు. వెనకనుంచి ఆ చీర చూసి, సంపూర్ణమ్మే అనుకుని, పుంజు సంగతి ఎత్తుతుందేమోనని దొంగకి తేలు కుట్టినట్టు చప్పుడు చెయ్యకుండా వెనక్కి నడిచాడు. గుమ్మంలో ఉన్న సంపూర్ణమ్మ అది చూసింది. ఆవిడ నవ్విన నవ్వుకి పొదుగు మీద కూర్చున్న పెట్ట లేచి అరిచింది. సూరమ్మ కూడా నవ్వుతూ నవ్వుతూ చీర చెంగుతో కళ్ళు తుడుచుకుంది, సంపూర్ణమ్మ చీర చెంగుతో.

పిల్లలన్నీ లేచాయి. పాత మర్యాద ప్రకారం హుషారైన పిల్ల సూరమ్మది. సంపూర్ణమ్మ దాన్ని కొన్నాళ్ళు తన దగ్గరే పెంచి, తోక దిగి, కూత నేర్చాక, మంచి పుంజై తయారయ్యాక, చంకలో పెట్టుకుని తీసుకొచ్చింది.

"ఇంద వదినా, నీ చేతి కూలి" అని దడి మీదుగా సూరమ్మ చేతుల్లో పెట్టింది. పెట్టి, వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగింది.

"అయ్యగారు భోజనానికి వత్తానంటే మాత్రం, పప్పు వండు."